సూర్యకాంతి నుండి విద్యుచ్ఛక్తి

(శతజయంతి సభలలో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి జ్ఞాపకార్థము మన బోర్డింగు హాస్టలు మీద, డిస్పెన్సరీ మీద సోలారు పలకలు పెట్టించవలెనని ఒక ప్రతిపాదన కమిటీ ముందు ఉన్నది. అవి ఎట్లా పని చేస్తాయో, మనవంటి బీద దేశములలో వాటివలన ఏమి మేలు జరిగినదో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మును అడిగారు. ముప్పైయేండ్లకు పైగా హైస్కూలులో భౌతికశాస్త్రము చెప్పినవారము గనుక తప్పించుకొనే వీలు లేకపోయింది. నల్లబల్ల, సుద్దముక్క లేకుండ పాఠము చెప్పడము మాకు కొంచెము ఇబ్బందే. అర్థము కానిచోట ఆపి అడగండి.

ముందుగా ఒక పాత సంగతి. మీలో పెద్దవారికి జ్ఞాపకము ఉండే ఉంటుంది. 1998లో ఎవరో దాతలు మన డిస్పెన్సరీకి ఒక సోలారు పలక, ఒక బ్యాటరీ, నాలుగు దీపములు ఇచ్చారు. ఆ రోజులలో రాత్రి కరెంటు పోతే ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. కాన్పుల గదిలో ఆ దీపము వెలిగిననాడు నర్సమ్మగారు చీకటి భయము తీరిందన్నారు. రెండేండ్లు బాగానే వెలిగాయి. మూడవ ఏట దీపములు మసకబారి, ఒకనాడు ఆరిపోయాయి. మూత తీసి చూస్తే బ్యాటరీలో నీళ్ళు అడుగంటి లోపలి పలకలు తేలి ఉన్నాయి. బ్యాటరీ నీళ్ళు పోయవలసిన పని వాచ్‌మన్‌దని నర్సమ్మగారు, నర్సమ్మగారిదని వాచ్‌మన్, ఇద్దరిలో ఎవరో ఒకరు చూస్తున్నారులే అని కమిటీ అనుకొన్నారు. ఆనాటి కమిటీలో మేము కూడ సభ్యులమే. తప్పులో మా భాగము మాకు ఉన్నది. ఆ వానకాలములో ఒక కాన్పు కిరసనాయిలు లాంతరు వెలుగులో చేయవలసి వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమముగానే ఇంటికి వెళ్ళారు. కాని ఆ రాత్రి లాంతరు పట్టుకొని నిలబడిన ఆయా తన చేతులు ఎట్లా వణికినవో చాల ఏండ్లు చెబుతూ ఉండేది.

పలక మాత్రము డాబా మీదనే ఉండిపోయింది. దాని ప్రక్కన మిరపకాయలు ఎండబోసుకొన్నారు, దాని మీద కాకులు వాలాయి. ఈ ప్రసంగము చేయవలసి వచ్చింది గనుక క్రిందటి నెల దానిని దించి, సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి మీటరు తగిలించాము. పందొమ్మిది వోల్టులు చూపింది. పాతికేండ్లు దాటిన తరువాత కూడ ఆ పలకలో జీవము ఉన్నది. అది ఎట్లా సాధ్యమో చెబితే సగము పాఠము చెప్పినట్లే.

ఈ పలకలలో ఉన్న ముఖ్యపదార్థము సిలికాన్. మన చేల గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయిలో ఉన్నది అదే. భూమి పైపొర బరువులో నాలుగవ వంతుకు పైగా సిలికానే. పలుగురాయిని పెద్ద కొలుములలో బొగ్గుతో కరగించి, అనేక విధముల శుద్ధి చేసి, దిమ్మెలుగా పోసి, కాగితమువలె పలుచని బిళ్ళలుగా కోస్తారు. ఒక్కొక్క బిళ్ళ ఒక సౌరఘటము.

సిలికాన్ పరమాణువుకు నాలుగు చేతులు ఉన్నాయనుకోండి. ప్రతి పరమాణువు చుట్టునున్న నలుగురితో చేతులు కలుపుకొని నిలబడి ఉంటుంది. ఖాళీ చెయ్యి ఉండదు గనుక దానిలో కరెంటు సులభముగా పారదు. ఇప్పుడు బిళ్ళకు ఒకవైపున ఫాస్ఫరస్‌ను కొద్దిగా కలుపుతారు. దానికి అయిదు చేతులు. నాలుగు కలిసిపోగా ఒక ఎలక్ట్రాన్ మిగిలిపోతుంది. రెండవవైపున బోరాన్‌ను కలుపుతారు. దానికి మూడే చేతులు గనుక ఒకచోట ఖాళీ ఏర్పడుతుంది. ఈ రెండు పొరలు కలిసే సరిహద్దులో మిగిలిన ఎలక్ట్రానులు కొన్ని అవతలి ఖాళీలలోనికి పోయి చేరుతాయి. దానివలన ఆ సరిహద్దు దగ్గర ఒక విద్యుత్ క్షేత్రము ఏర్పడి స్థిరముగా నిలిచిపోతుంది. చేనికి కట్టిన తూమువంటిది అది. ఎలక్ట్రానులను ఒక ప్రక్కకే పోనిస్తుంది, రెండవ ప్రక్కకు రానీయదు.

ఇక సూర్యకాంతి. కాంతి చిన్న చిన్న మోతాదులుగా వచ్చి పడుతుందని 1905లో ఐన్‌స్టీన్ వివరించారు. తగిన బలముగల మోతాదు ఒకటి వచ్చి తాకగానే చేతులు కలుపుకొని ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి విడిపోతుంది. విడిపోయినదానిని ఆ క్షేత్రము ఒకవైపునకు త్రోసివేస్తుంది. బిళ్ళమీద కనిపించే సన్నని వెండి గీతలు దానిని ప్రోగుచేసి తీగలోనికి పంపుతాయి. అది దీపములోనుండి పోయి, పని చేసి, బిళ్ళ వెనుక ప్రక్కనుండి మరల తన చోటికి వస్తుంది. ఇందులో కాలినది ఏదీ లేదు, అరిగినది లేదు, తిరిగే చక్రము లేదు. ఎండ ఉన్నంతసేపు ఆ ఎలక్ట్రానులే తిరిగి తిరిగి పని చేస్తాయి. మన పాత పలక ఇంకను వోల్టులు చూపడానికి కారణము ఇదే. మంచి పలకల శక్తి ఏడాదికి నూటికి అరవంతు మాత్రమే తగ్గుతుంది. పైనున్న అద్దము పగలకుండ, లోపలికి చెమ్మ చేరకుండ ఉంటే చాలును.

ఒక అపోహ తొలగించవలెను. దీనికి కావలసినది వెలుగు, వేడి కాదు. వేడి దానికి శత్రువు. పలక శక్తిని 25 డిగ్రీల వద్ద కొలిచి వెనుక అచ్చువేస్తారు. మే నెలలో మన డాబామీద పలక 65 డిగ్రీల వరకు కాలుతుంది. డిగ్రీకి నూటికి మూడవవంతో, అంతకు కొంచెము ఎక్కువో తగ్గుతుంది గనుక రోహిణికార్తె మధ్యాహ్నమున దాని శక్తిలో ఏడవ వంతు పోయినట్లే. అందుచేత పలకను డాబాకు ఆనించి పరవకుండ, క్రింద గాలి ఆడేటట్లు స్టాండు మీద ఎత్తి పెట్టవలెను.

ఒక్కొక్క ఘటము ఇచ్చేది అరవోల్టు, లేదా కాస్త ఎక్కువ. 12 వోల్టుల బ్యాటరీ నింపడానికి 36 ఘటములను వరుసగా కలుపుతారు. ఈ వరుస అన్నది మన సన్నని పొలము గట్టుమీద ఒకదాని వెనుక ఒకటి పోయే ఎడ్లబండ్లవంటిది. ఒక బండి ఆగితే వెనుకవి ఆగినట్లే, ఒక ఘటము మీద కొబ్బరిమట్ట నీడ పడితే మిగిలినవాటి కరెంటు కూడ తగ్గిపోతుంది. ఇప్పటి పలకలలో నీడపడిన భాగమును తప్పించే ఏర్పాటు ఉన్నది గాని, నష్టము పూర్తిగా పోదు. హాస్టలు తూర్పున ఉన్న చింతచెట్టు సంగతి కమిటీవారు ముందే ఆలోచించవలెను. చెట్టు కొట్టమని మేము చెప్పము. పలకలు పడమటి డాబామీద పెట్టుకోవచ్చును.

మిట్టమధ్యాహ్నము చదరపు మీటరు చోటులో ఇంచుమించు 1,000 వాట్ల ఎండ పడుతుంది. ఇప్పటి పలకలు అందులో నూటికి ఇరవై, ఇరవైరెండు వంతులు కరెంటుగా మారుస్తాయి. మిగిలినది ఎందుకు పోతుందని పిల్లలు అడిగేవారు. బలహీనమైన మోతాదులు ఎలక్ట్రాన్‌ను విడిపించలేవు. మరీ బలమైనవి విడిపించగా మిగిలిన శక్తి వేడిగా పోతుంది. ఇటువంటి ఒంటి సరిహద్దు ఘటము నూటికి ఇంచుమించు 30 వంతులు మించి ఇవ్వలేదని 1961లోనే లెక్కకట్టారు.

దీని చరిత్ర పొడవైనది. 1839లో బెకెరల్ అనే పందొమ్మిదేండ్ల ఫ్రెంచి యువకుడు వెలుగు పడినప్పుడు కరెంటు పుట్టడము మొదట గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ ఘటము తయారు చేసి, దానితో ఒక బొమ్మ రంగులరాట్నమును త్రిప్పి చూపించారు. అది నూటికి ఆరు వంతులే ఇచ్చింది. 1958లో వాన్‌గార్డ్ అనే చిన్న ఉపగ్రహములో ఇవి ఆకాశమునకు వెళ్ళాయి. చాలకాలము ఇవి ఉపగ్రహములకే గాని గుడిసెలకు అందుబాటులో లేవు. 1977లో ఒక్క వాటు ఘటము ఖరీదు డెబ్బై డాలర్లకు పైమాట. ఇప్పుడు పదిహేను సెంట్లు కూడ లేదు. ప్రపంచములో తయారయ్యే పలకలలో నూటికి ఎనభైకి పైగా చైనానుండి వస్తున్నాయి. ధర తగ్గుటకు ముఖ్యకారణము అక్కడి కర్మాగారములే.

ధర తగ్గితే బీదవారికి వెలుగు వచ్చినట్లేనా? ఇక్కడ మేము కొంచెము నిలిచి చెప్పవలసి ఉన్నది.

బంగ్లాదేశ్ సంగతి చూడండి. నదులు, దీవులు, వరదల మధ్య కరెంటు స్తంభములు వేయలేని పల్లెలు అక్కడ అనేకము. 2003లో అక్కడి ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఇడ్‌కాల్, ప్రపంచబ్యాంకు మొదలైనవారి సహాయముతో ఇంటింటికి చిన్న సోలారు పలకలు ఇచ్చే పథకము ప్రారంభించింది. గ్రామీణ్ శక్తివంటి సంస్థలు పల్లెలలో ఆ పని చేశాయి. చాలమంది పెట్టించుకొన్నవి 20 నుండి 50 వాట్ల పలకలే. రెండు మూడు దీపములు, ఫోను చార్జింగు, వీలైతే ఒక చిన్న టీవీ. కొంత ముందు చెల్లించి, మిగిలినది రెండు మూడేండ్ల వాయిదాలలో తీర్చేవారు. 2018 నాటికి 41 లక్షల ఇండ్లకు, దాదాపు రెండు కోట్లమందికి ఆ వెలుగు చేరింది.

ఆ పథకములో మమ్మును ఆకర్షించినది ఒక చిన్న సంగతి. నెలనెల వాయిదా వసూలు చేయడానికి వచ్చిన మనిషే బ్యాటరీ మూత తీసి చూసేవాడు. చాల తావులలో ఆ పని స్త్రీలు కూడ నేర్చుకొని చేశారు. డబ్బు ఇచ్చిన ఇల్లాలికి దీపము వెలగకపోతే నిలదీసే హక్కు ఉండేది. దీపము వెలగకపోతే వాయిదా రాదని వచ్చినవాడికి తెలుసు. మన డిస్పెన్సరీకి లేనిది అటువంటి మనిషే. తరువాత అక్కడ మరొక పథకము క్రింద ఉచితముగా పలకలు పంచసాగారు. ఉచితముగా వచ్చేదానికి డబ్బు ఎందుకని జనము వాయిదాలు ఆపారు. వాయిదా ఆగితే మనిషి రావడము ఆగింది. ఇంతలో కరెంటు లైన్లు కూడ పల్లెలకు వచ్చాయి. దానితో ఆ గొప్ప పథకము ముగిసింది. దాతలను చిన్నబుచ్చే ఉద్దేశము మాకు లేదు గాని, ఉచితము ఒక్కొక్కసారి ఎంత ఖరీదుగా పరిణమిస్తుందో ఇందులో ఉన్నది.

బీహారులో ధర్నై అనే పల్లెలో ఇంకొక విధముగా జరిగింది. ముప్పైయేండ్లుగా కరెంటు లేని ఆ ఊరిలో 2014లో గ్రీన్‌పీస్ అనే సంస్థవారు 100 కిలోవాట్ల సోలారు కేంద్రము పెట్టారు. మాజీ ముఖ్యమంత్రి వచ్చినప్పుడు గ్రామస్థులు మాకు అసలు కరెంటు కావలెను, నకిలీ కరెంటు వద్దు అని అడిగారట. నవ్వుకోవలసిన మాట కాదు. ఆ సోలారు కరెంటుతో ఫ్రిజ్, పెద్ద మోటారు పెట్టుకోరాదు, పైగా యూనిట్ ధర లైను కరెంటు కంటె ఎక్కువ. బీదవాడు గనుక తక్కువ కరెంటుతో సరిపెట్టుకోవలెనని ఎక్కడ ఉన్నది? కొద్దికాలములో లైను కరెంటు వచ్చింది, కొన్నేండ్లకు బ్యాటరీలు చెడిపోయాయి, చివరకు ఆ కేంద్రము వద్ద పశువులను కట్టివేసుకొన్నారు.

ఆఫ్రికాలోని కెన్యాలో 2012 నుండి ఎమ్-కోపా అనే కంపెనీ సెల్‌ఫోను ద్వారా రోజువారీగా డబ్బు వసూలు చేసుకొని పలకలు అమ్మింది. డబ్బు కట్టని రోజున పెట్టె తనంతట తానే తాళము పడుతుంది. వ్యాపారమునకు బాగానే ఉన్నది గాని, కూలి దొరకని రోజున ఆ ఇంటికి దీపము కూడ ఉండదు. మాకు ఎక్కువ నచ్చినది రాజస్థానులోని తిలోనియా గ్రామములో బంకర్ రాయ్ గారు 1972లో స్థాపించిన సంస్థ పని. ఆఫ్రికా మొదలైన దేశముల పల్లెలనుండి చదువురాని అమ్మమ్మలను, నాయనమ్మలను రప్పించి, ఆరునెలలపాటు సైగలతో, రంగుల గుర్తులతో సోలారు దీపములు బిగించడము, బాగుచేయడము నేర్పారు. యువకులకు నేర్పితే పట్నము వెళ్ళిపోతారు, అమ్మమ్మ ఊరిలోనే ఉంటుంది అన్నది వారి లెక్క. మన స్త్రీల సమాజమువారు ఈ మాట గమనించగలరు.

మన దేశములో 2010లో జాతీయ సోలారు మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యమన్నారు. 2025 ఆరంభమునకే లక్ష దాటింది. ఇందులో ఎక్కువ భాగము ఇంటి డాబాలమీదిది కాదు, వేల ఎకరములలో పరచినది. మన కర్నూలు ప్రక్కన గని, శకునాల గ్రామముల వద్ద 2017లో 1,000 మెగావాట్ల పార్కు సుమారు 6,000 ఎకరములలో పూర్తయింది. మూడువైపుల ఆంధ్రదేశము చుట్టుకొని, తెలుగు ధారాళముగా వినిపించే కర్ణాటకలోని పావగడలో 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల పార్కు వచ్చింది. అక్కడ భూమి కొనలేదు, రైతుల వద్ద కౌలుకు తీసుకొన్నారు. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంచుతారు. వానలు లేక బోర్లు ఎండిన ఆ సీమలో ఇది రైతుకు మేలైన బేరమే.

అయితే ఆ చేలలో వేరుసెనగ పీకి కూలి తెచ్చుకొన్నవారికి, గొర్రెలు మేపుకొన్నవారికి కౌలు రాదు. పట్టా ఉన్నవానికి ఎండ పంటయింది, పట్టా లేనివానికి ఉన్న పని పోయింది. పలకలు కడగడానికి, గడ్డి కోయడానికి, కాపలాకు కొందరిని పెట్టుకొంటారు. వేల ఎకరముల సేద్యమునకు కావలసినంతమంది దానికి అక్కరలేదు. మన సంఘములలో భూమి లేనివారే ఎక్కువ గనుక ఈ సంగతి దాటవేయడము మాకు ఇష్టము లేకపోయింది. రేపు మన తాలూకాలో ఇటువంటి పార్కు వస్తే, కూలివారి పేర్లు కూడ లెక్కలో వ్రాయమని అడగడానికి పెద్దలు సిద్ధముగా ఉండవలెను.

మన ప్రతిపాదనకు వస్తాము. ఒక కిలోవాటు పలకలు మన ప్రాంతములో ఏడాది పొడవునా సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. మూడు కిలోవాట్లు పెడితే హాస్టలు బిల్లు బాగా తగ్గుతుంది. చాలమందికి తెలియని విషయము ఒకటి ఉన్నది. లైనుకు కలిపి, బ్యాటరీ లేకుండ పెట్టే రకము, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా దీపము వెలగదు. లైను ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబామీది కరెంటు తగిలి ప్రాణము పోకుండ ఆ విధముగా చేశారు. కనుక హాస్టలుకు అది చాలును గాని, కాన్పుల గదికి చాలదు. అక్కడ బ్యాటరీ తప్పదు. టీకా మందుల ఫ్రిజ్‌కు మాత్రము బ్యాటరీ లేని రకము వచ్చింది. పగటి ఎండతో లోపల మంచు గడ్డకట్టించి, రాత్రంతా ఆ చలువతోనే మందులను కాపాడుతుంది. అనేక దేశముల ఆరోగ్యకేంద్రములలో ఇప్పుడు అది వాడుతున్నారు. దాని చలువ మంచుగడ్డలో ఉన్నది గనుక మూడేండ్లకు చచ్చే బ్యాటరీ బెడద దానికి లేదు.

బ్యాటరీ విషయములో లెక్క చెబుతాము. మామూలు సీసపు బ్యాటరీ బాగా చూసుకొంటే మూడునుండి అయిదేండ్లు మన్నుతుంది, సగమునకు మించి ఖాళీ చేయకూడదు. లిథియం రకము ఖరీదు ఎక్కువ గాని పదేండ్లవరకు రావచ్చును, నీళ్ళు పోయవలసిన పని లేదు. పలక మన్నే పాతికేండ్లలో సీసపు బ్యాటరీ అయిదారుసార్లు మార్చవలసి వస్తుంది. శతజయంతి చందాలో పలకలకు ఎంత, దీపములకు ఎంత అని వ్రాశారు. రెండవ బ్యాటరీకి ఎంత అని ఏ కాగితములోను మాకు కనిపించలేదు. మొదటి రోజునుండే నెలనెల కొంత వేరుగా పోస్టాఫీసులో వేయవలెను. ఆ సొమ్ము రంగులకు, పందిళ్ళకు తీయరాదని తీర్మానము చేయవలెను.

ఆ పాత పలకను పారవేయవద్దని కార్యదర్శిగారితో మనవి చేశాము. ఒక చార్జ్ కంట్రోలరు, ఒక కొత్త బ్యాటరీ తగిలిస్తే కాన్పుల గదిలో రెండు దీపములు ఈ నెలలోనే వెలుగుతాయి, కొత్త పలకలకోసము ఆగనక్కరలేదు. బ్యాటరీ ప్రక్కన ఒక నోటుపుస్తకము కట్టి ఉంచుతాము. ప్రతి శనివారము నీళ్ళు చూసి, తేదీ వేసి సంతకము చేయవలెను. మొదటి ఆరునెలలు ఆ సంతకము మేమే చేస్తాము. ఏడవ నెలనుండి ఎవరు చేస్తారో, వచ్చే కమిటీ సమావేశములో పేరు చెప్పి పుస్తకములో వ్రాయించవలసినదని మా మనవి.